ఆల్బుమిన్ సీసా, ఫాక్టర్ వయల్ ఎవరి ఫ్రిజ్‌లో ఉండాలి: బ్లడ్ బ్యాంకా, ఫార్మసీనా?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఏదైనా కాస్త పెద్ద ఆసుపత్రికి వెళ్ళి "ఆల్బుమిన్ ఎక్కడ ఇస్తారండీ" అని అడిగి చూడండి. వార్డు సిస్టర్ గారు బ్లడ్ బ్యాంకుకి వెళ్ళమంటారు, అక్కడి టెక్నీషియన్ ఇది మందు కదా మందుల కౌంటర్‌కి పొండి అంటాడు, కౌంటర్లో కూర్చున్నాయన ఇది రక్తం సామాను, మా దగ్గర ఉండదు, బయట కొనుక్కోండి అని చీటీ వెనక్కి తోసేస్తాడు. వీళ్ళలో ఎవరూ కావాలని తిప్పడం లేదు, ఆ సీసా ఎవరి సొత్తో ఆ ఆసుపత్రిలో ఎవరూ ఎప్పుడూ కూర్చుని తేల్చలేదు, అంతే. నేను ఫార్మసీ వైపు పనిచేసేవాడిని కాబట్టి నా మాటలో కాస్త మా పక్షం ఉంటే ఉండొచ్చు, ముందే చెప్పేస్తున్నా, గానీ చదివాక మీరే చూడండి.

అసలు ఏటి ఈ సామాను? ఒకరు ఇచ్చిన రక్తం బ్యాగుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్రకణాలు అడుక్కి, ప్లాస్మా పైకి, మధ్యలో ప్లేట్‌లెట్లు విడిపోతాయి. ప్లాస్మాని గడ్డకట్టించి చల్లగానే నెమ్మదిగా కరిగిస్తే అడుగున తెల్లగా మిగిలేది క్రయో. వీటిని కాంపోనెంట్లు అంటారు, బ్లడ్ బ్యాంకులోనే తయారవుతాయి, ప్రతి బ్యాగు మీద దాత నంబరు, గ్రూపు ఉంటాయి. రెడ్ సెల్స్ అయితే 2 నుంచి 6 డిగ్రీల్లో పెట్టి బ్యాగులో ఏ ద్రావణం ఉందో దాన్ని బట్టి 35 రోజులో 42 రోజులో ఉంచుతారు, ప్లేట్‌లెట్లు 20 నుంచి 24 డిగ్రీల్లో ఊపే మెషిన్ మీద 5 రోజులు, ప్లాస్మా మైనస్ 30లో ఏడాది. ఇంకో రకం ఉంది. వేల మంది దాతల ప్లాస్మాని ఒక ఫ్యాక్టరీలో పెద్ద ట్యాంకులో కలిపేసి, చల్లని ఆల్కహాల్‌తో ఒక్కొక్క ప్రోటీన్‌ని విడదీసి, వైరస్‌లు చచ్చేలా వేడి చేసి లేదా సాల్వెంట్ డిటర్జెంట్ పట్టించి, గాజు సీసాలో పెట్టి సీలు వేస్తారు. ఆల్బుమిన్ (ప్లాస్మాలోని ముఖ్యమైన ప్రోటీన్), ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు), ఫాక్టర్ 8, ఫాక్టర్ 9 (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లు), యాంటీ-డి (నెగెటివ్ గ్రూపు తల్లికి వేసే ఇంజెక్షన్), పీసీసీ (గడ్డకట్టించే కొన్ని ఫాక్టర్లు కలిపింది) అన్నీ ఈ కోవలోవే, వీటిని డెరివేటివ్‌లు అంటారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ అనే ఆయన ఈ పద్ధతి కనిపెట్టాడు, 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడిలో గాయపడ్డవాళ్ళకి ఆ ఆల్బుమిన్ ఎక్కించారు. సైనికుడి సంచిలో పెద్ద ప్లాస్మా సీసాలు మోయలేరు, చిన్న సీసా అయితే మోయగలరు, అక్కడ మొదలైన కథ ఇది.

తేడా ఎక్కడుందో మన ఊరి లెక్కలో చెప్తా. రైతు కళ్ళం నుంచి వచ్చిన ధాన్యం బస్తా ఎవరిదో పేరుతో సహా చెప్పొచ్చు, మిల్లుకి వెళ్ళి పాలిష్ అయి ప్యాకెట్లోకి వచ్చిన బియ్యం మీద మిల్లు పేరు, లాట్ నంబరు తప్ప ఏ పొలందో ఎవడూ చెప్పలేడు. కాంపోనెంట్ ఆ బస్తా, డెరివేటివ్ ఈ ప్యాకెట్. ఈ మొత్తం గొడవలో నేను చెప్పదలచుకున్న మాట దీంట్లోనే ఉంది: దాత నంబరుతో వెతకాల్సినది బ్లడ్ బ్యాంకు దగ్గర ఉండాలి, బ్యాచ్ నంబరుతో వెతకాల్సినది ఫార్మసీ దగ్గర ఉండాలి, కానీ ఆ బ్యాచ్ నంబరు ఎవరి ఒంట్లోకి వెళ్ళిందో బ్లడ్ బ్యాంకుకి తెలియకుండా మాత్రం ఉండకూడదు. మొదటి ముక్క చాలా మంది ఒప్పుకుంటారు. చివరి ముక్క దగ్గరే అందరూ జారిపోతారు.

చట్టం ఏమంటుందో చూస్తే కొంత చిక్కు అక్కడే విడిపోతుంది. మన దేశంలో 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్ కింద రక్తం కూడా మందే. కానీ లైసెన్సులు వేరు. రక్తం సేకరించి, పరీక్షించి, విడదీసి, నిల్వ చేసి ఇవ్వడానికి బ్లడ్ సెంటర్‌కి 28-సి ఫారం లైసెన్స్ (2020 నుంచి రూల్స్‌లో బ్లడ్ బ్యాంక్ పేరు తీసేసి బ్లడ్ సెంటర్ అన్నారు, మనం మాత్రం పాత పేరే అంటాం). ప్లాస్మా నుంచి ఆల్బుమిన్ లాంటివి తయారు చేసే ఫ్యాక్టరీకి 28-ఇ. ఆ సీసాని చిల్లరగా అమ్మే మెడికల్ షాపుకి 20, 21 ఫారాలు, అందులో 21 ఎందుకంటే షెడ్యూల్ సి మందులు అమ్మాలంటే అది కావాలి, సీరంలు, వ్యాక్సిన్లు, ఇంజెక్షన్‌కి వాడే సీరం ప్రోటీన్ ద్రావణాలు ఆ షెడ్యూల్‌లోనే ఉన్నాయి. అంటే ప్రైవేటు ఆసుపత్రిలో బ్లడ్ సెంటర్ తన 28-సి చూపించి ఆల్బుమిన్ సీసాకి బిల్లు కొడతానంటే కుదరదు. సర్కారీ ఆసుపత్రికి షెడ్యూల్ కె కింద అమ్మకం లైసెన్స్ మినహాయింపు ఉంది కాబట్టి అక్కడ ఈ తంటా కనపడదు, అందుకే అక్కడ ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టుకుంటున్నారు.

డబ్బు సంగతి ఇంకా తేటగా ఉంటుంది. రక్తం అమ్మకానికి కాదు, ప్రాసెసింగ్ చార్జీలు మాత్రమే తీసుకోవాలి అని 2023 చివర్లో డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఆఫీసు రాష్ట్రాలకి మళ్ళీ గట్టిగా రాసింది. డెరివేటివ్ సీసాకి మాత్రం ఎంఆర్‌పీ ఉంటుంది, కంపెనీ రిప్రజెంటేటివ్ ఉంటాడు, స్కీములుంటాయి, డిస్కౌంట్ ఉంటుంది. అమ్మకూడని వస్తువు ఇచ్చే కిటికీలోనే ఎంఆర్‌పీ వస్తువు అమ్మడం మొదలెడితే జనం ఏమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు, ఇప్పటికే "రక్తం అమ్ముకుంటున్నారు" అనే మాట మా వైపు ప్రతి సందులో వినిపిస్తుంది. నాకైతే ఫార్మసీ పక్షాన ఇదే గట్టి కారణం, ఫ్రిజ్‌లూ రిజిస్టర్లూ తర్వాత.

అయినా బ్లడ్ బ్యాంకు వాళ్ళు మా వస్తువే అని ఎందుకంటారంటే దానికీ చరిత్ర ఉంది. బ్లడ్ బ్యాంకుల్లో మిగిలిపోయే ప్లాస్మా ఫ్యాక్టరీకి వెళ్ళాలి కదా, దానికి 2015లో కేంద్రం లీటరుకి 1600 రూపాయల మారకపు విలువ పెట్టింది, డబ్బుగా కాకుండా కన్స్యూమబుల్స్, పరికరాలు, లేదా ప్లాస్మా నుంచి తయారైన మందుల రూపంలో తీసుకోమంది. అలాగ వచ్చిన ఆల్బుమిన్ బ్లడ్ బ్యాంకు గేటు దగ్గరే దిగితే అది సహజంగానే వాళ్ళ అల్మారాలోకే వెళ్తుంది. అదే స్టాక్ రాష్ట్ర కార్పొరేషన్ కొని పంపితే, అంటే ఒడిశాలో ఓఎస్‌ఎంసీఎల్ ద్వారా వస్తే, డ్రగ్ వేర్‌హౌస్‌లో దిగి, ఆసుపత్రి మందుల స్టోర్‌కి వచ్చి, నిరామయ ఉచిత మందుల లెక్కలోకి చేరుతుంది. ఒకే సీసా రెండు దారుల్లో వచ్చిందని రెండు గదుల్లో, రెండు రిజిస్టర్లలో ఉంటుంది, ఒక దాంట్లో ఎక్స్‌పైరీ దగ్గరకొచ్చి పడి ఉంటుంది, ఇంకో దాంట్లో నిల్లు.

బయటి దేశాలు చూసినా ఇదే తేలుతుంది, డబ్బు ఏ గొట్టంలోంచి వస్తే సీసా ఆ గదికి వెళ్తుంది. కెనడాలో 1980ల్లో జరిగిన కలుషిత రక్తం వ్యవహారం మీద కమిషన్ వేశాక 1998లో కెనడియన్ బ్లడ్ సర్వీసెస్ వచ్చింది, అది రక్తం బ్యాగులతో పాటు ప్లాస్మా మందులు కూడా ఆసుపత్రులకి పంపుతుంది, కాబట్టి అక్కడ చాలా చోట్ల ట్రాన్స్‌ఫ్యూజన్ ల్యాబే ఐవీఐజీ, ఫాక్టర్ ఇస్తుంది. ఆస్ట్రేలియాలో నేషనల్ బ్లడ్ అథారిటీ రెండిటికీ ఒకే పద్దు కింద ఖర్చు చూసుకుంటుంది. అమెరికాలో ఆసుపత్రే కంపెనీ దగ్గర కొనుక్కుంటుంది, ఇన్సూరెన్స్‌కి బిల్లు పెట్టాలి, అందుకని ఫార్మసీ వైపు ఎక్కువ మొగ్గింది. యూరప్‌లో రక్తం కాంపోనెంట్లకి ఎవరిచ్చారు, ఎవరికెక్కింది అనే రికార్డు 30 ఏళ్ళు దాచమని చట్టం, ప్లాస్మా మందులు మాత్రం మందుల చట్టం కింద వస్తాయి. వీళ్ళలో ఫలానా దేశం కరెక్టు అని చూపించి మన దగ్గర అలాగే చేద్దాం అనడానికి లేదు, ఎందుకంటే మన జిల్లాలో రాత్రి పదకొండింటికి ఏ గదిలో లైటు వెలుగుతుందో ఆ దేశాల కాగితాల్లో ఉండదు.

ఇక వస్తువుల వారీగా చూద్దాం, ఎందుకంటే అన్నిటికీ ఒకే జవాబు పెడితే ఎక్కడో ఒక చోట ప్రాణం మీదకొస్తుంది.

ఆల్బుమిన్ సులువు. గ్రూపు చూడక్కర్లేదు, క్రాస్ మ్యాచ్ (దాత రక్తం రోగి రక్తంతో కలుస్తుందా అనే పరీక్ష) లేదు, చాలా బ్రాండ్లు 30 డిగ్రీల లోపు ఉంచితే చాలు, గడ్డకట్టకూడదు. దీనికి కావాల్సింది కాపలా. ఎందుకంటే దీని దుర్వినియోగం అంతా ఇంతా కాదు, పొట్టలో నీరు 5 లీటర్ల కన్నా ఎక్కువ తీసినప్పుడు తీసిన ప్రతి లీటరుకీ 6 నుంచి 8 గ్రాముల లెక్కన ఇవ్వడానికి మంచి ఆధారం ఉంది, లివర్ రోగికి పొట్టనీటిలో ఇన్ఫెక్షన్ వస్తే ఇవ్వడానికీ ఉంది, కానీ మా వైపు రిపోర్టులో ఆల్బుమిన్ తక్కువ కనపడితే చాలు "ప్రోటీన్ బాటిల్" అని రాసేస్తారు, ఇంట్లో వాళ్ళు పుస్తెలు తాకట్టు పెట్టి తెస్తారు. ఐసీయూలో ద్రవం ఎక్కించాల్సి వస్తే సెలైన్ కన్నా ఆల్బుమిన్ మేలా అని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో సుమారు 7000 మంది మీద చూసి 2004లో ఫలితాలిచ్చారు, 28 రోజుల్లో మరణాల్లో తేడా రాలేదు. 6 లీటర్ల నీరు తీస్తే 8 చొప్పున 48 గ్రాములు, 20 శాతం ద్రావణం 100 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములు, అంటే రెండున్నర సీసాలు. ఈ లెక్క వేసి "సార్, ఆరు సీసాలు ఎందుకు రాశారు" అని అడిగేవాడు ఉండాలి, ఆ పని ఫార్మసిస్టుది. బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ డాక్టర్‌ని ఆ ప్రశ్న అడిగే పరిస్థితిలో ఉండడు. ఫార్మసిస్టు మాత్రం అడుగుతాడా అంటే, మన దగ్గర ఇంకా భయమే, అది వేరే కథ.

ఫాక్టర్ 8 దగ్గర వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. హెమోఫిలియా ఎ, అంటే ఫాక్టర్ 8 లేక రక్తం సరిగ్గా గడ్డకట్టని పుట్టుక జబ్బు, సుమారు 5000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. 50 కిలోల కుర్రాడు మోటార్ సైకిల్ మీంచి పడి తలకి దెబ్బ తగిలించుకుని వచ్చాడనుకోండి, ఫాక్టర్ స్థాయిని 100 శాతానికి తేవాలి, కిలోకి 1 యూనిట్ ఇస్తే సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి కిలోకి 50, మొత్తం 2500 యూనిట్లు, 500 యూనిట్ల వయల్స్ అయితే ఐదు. స్కానింగ్ తర్వాత సంగతి, ముందు ఫాక్టర్ ఎక్కాలి. అది లేకపోతే పాత పద్ధతి క్రయో, ఒక్కో బ్యాగులో 80 యూనిట్లు ఉన్నాయనుకుంటే ముప్పై పైచిలుకు బ్యాగులు, కాంపోనెంట్ మెషిన్లు లేని చిన్న బ్లడ్ బ్యాంకులో ఒక్కటీ దొరకదు. క్రయో కూడా వైరస్ చంపే ప్రక్రియ ఏదీ దాటి రానిది. ఫాక్టర్ ప్రభావం ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో సగానికి పడిపోతుంది, అంటే మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి, అర్ధరాత్రి డోసు తప్పకూడదు. ఇప్పుడు చెప్పండి, సాయంత్రం షట్టర్ వేసేసే ఓపీ మందుల కౌంటర్ దీనికి ఏం పనికొస్తుంది? బ్లడ్ బ్యాంకులో రాత్రంతా ఒక టెక్నీషియన్ మేలుకుని ఉంటాడు, జనరేటర్ లైను ఉంటుంది, అలారం ఉన్న ఫ్రిజ్ ఉంటుంది. బ్లడ్ బ్యాంకు పక్షాన ఉన్న కారణాల్లో నేను నోరెత్తకుండా ఒప్పుకునేది ఇదొక్కటే.

అయితే దీనికీ ఒక మెలిక ఉంది. ఫాక్టర్ 8 ఇప్పుడు రెండు రకాలుగా వస్తోంది, ప్లాస్మా నుంచి తీసింది, రీకాంబినెంట్ అంటే కణాల్లో పెంచింది. రెండోది రక్తం నుంచి తీసిందే కాదు. చర్మం కింద పొడిచే ఎమిసిజుమాబ్ అయితే అసలు ఫాక్టరే కాదు, యాంటీబాడీ. ఒకే రోగికి ఈ నెల ప్లాస్మా రకం, పై నెల రీకాంబినెంట్ ఇస్తే, పుట్టుక చూసి గదులు మార్చుకుంటూ పోతామా? రోగి కార్డు ఒక చోట, వయల్ ఒక చోట అవుతుంది. అంటే "రక్తం నుంచి వచ్చింది కాబట్టి బ్లడ్ బ్యాంకు" అనే సూత్రం ఇక్కడే విరిగిపోతుంది. ఇంకో సాక్ష్యం కూడా ఉంది, కుక్క కాటుకి ఇచ్చే హ్యూమన్ రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా మనుషుల ప్లాస్మా నుంచి తీసిందే, దాన్ని ఎప్పుడైనా బ్లడ్ బ్యాంకులో ఇచ్చారా? యాంటీ రేబిస్ టీకా ఉండే ఫ్రిజ్‌లోనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాలేదు. పాము మందు గుర్రం ప్లాస్మా నుంచి వస్తుంది, మా కొండల వైపు వానాకాలం దాని అవసరం ఎంతో తెలిసిందే, అది క్యాజువాల్టీలో పెడతారు, ఎందుకంటే అక్కడే కావాలి. పుట్టుక ఎవరూ అడగలేదు.

యాంటీ-డి మాత్రం బ్లడ్ బ్యాంకుకి దగ్గరి చుట్టం. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు అయిన 72 గంటల్లో 300 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ పడాలి, లేకపోతే తర్వాతి కడుపు మీద పడుతుంది ఆ పాపం. వయల్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, అది పెద్ద కష్టం కాదు. కష్టం ఏటంటే తల్లి గ్రూపు, బిడ్డ గ్రూపు, తల్లికి ఇదివరకే యాంటీబాడీ వచ్చేసిందా లేదా, ఈ మూడూ బ్లడ్ బ్యాంకు కాగితాల్లో ఉంటాయి, వయల్ ఫార్మసీలో ఉంటుంది, ఇంజెక్షన్ లేబర్ రూమ్‌లో పడాలి. మూడు గదుల మధ్య 72 గంటలు కరిగిపోవడం ఎంత సులువో కాన్పుల వార్డులో పనిచేసినవాళ్ళకి తెలుసు, పైగా కొండ గ్రామాల నుంచి వచ్చిన బాలింత రెండో రోజే ఇంటికెళ్ళిపోతాను అంటుంది. దీనికి నా దృష్టిలో మంచి ఏర్పాటు, బిడ్డ గ్రూపు పాజిటివ్ అని తేలిన క్షణం బ్లడ్ బ్యాంకు వాళ్ళే "యాంటీ-డి ఇవ్వాలి" అని ఫలితం చీటీ మీద ముద్ర కొట్టి పంపాలి, వయల్స్ రెండు మూడు లేబర్ రూమ్ ఫ్రిజ్‌లో ఫార్మసీ స్టాక్‌గా ఉండాలి, వాడగానే నింపాలి. అంటే నిర్ణయం ఒకరిది, స్టాక్ ఒకరిది, అందుబాటు ఇంకొకరిది. ఒక్క డిపార్ట్‌మెంట్ పేరు చెప్పమంటే చెప్పలేం.

ఐవీఐజీ ఖరీదు దెబ్బ వేరే లెవెల్. గిలియన్ బారీ (నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ చచ్చుబడే జబ్బు) వస్తే కిలోకి 2 గ్రాములు, రోజుకి 0.4 చొప్పున ఐదు రోజులు, 50 కిలోల మనిషికి 100 గ్రాములు, 5 గ్రాముల సీసాలైతే 20. 2025 జనవరిలో పుణేలో ఆ జబ్బు ఒక్కసారిగా పెరిగినప్పుడు దీని పేరు పేపర్లు చదివేవాళ్ళందరికీ తెలిసింది. ఇక్కడ ఫార్మసీ వాళ్ళు సాధారణంగా పట్టించుకోని విషయం ఒకటుంది, మా వాళ్ళని తిట్టినా ఫర్వాలేదు చెప్పాలి. ఐవీఐజీకి గ్రూపు చూడక్కర్లేదు అంటాం గానీ దాంట్లో దాతల నుంచి వచ్చిన యాంటీ-ఏ, యాంటీ-బి కొంత ఉంటాయి, పెద్ద డోసు పడితే ఏ, బి, ఏబీ గ్రూపు వాళ్ళలో ఎర్రకణాలు పగిలే ప్రమాదం ఉంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది, అప్పుడు రక్తం ఎక్కించాలని శాంపిల్ పంపితే డైరెక్ట్ కూంబ్స్ (ఎర్రకణాలకి యాంటీబాడీ అంటుకుందా అని చూసే పరీక్ష) పాజిటివ్ వస్తుంది, క్రాస్ మ్యాచ్‌లో బ్యాగులు కలవవు. బ్లడ్ బ్యాంకు డాక్టర్‌గారికి ఈ రోగికి మూడు రోజులుగా ఐవీఐజీ నడుస్తోందని ఎవరూ చెప్పకపోతే ఆయన ఆటోఇమ్యూన్ హిమోలిసిస్ (రోగి సొంత యాంటీబాడీలే ఎర్రకణాల్ని పగలగొట్టే జబ్బు) అనుకుని ఎక్కడెక్కడో వెతుకుతారు. యాంటీ-డి తీసుకున్న తల్లికి యాంటీబాడీ స్క్రీనింగ్ చేసినా ఇదే తలనొప్పి. అందుకే సీసా ఫార్మసీలోంచి వెళ్ళినా పేరు, గ్రూపు, బ్యాచ్ బ్లడ్ బ్యాంకు చూడాలి అన్నది, మర్యాద కోసం కాదు.

పీసీసీ గురించి ఒక్క ముక్క. రక్తం గడ్డకట్టకుండా వార్ఫారిన్ మాత్రలు వాడే పెద్దాయనకి బ్రెయిన్‌లో రక్తస్రావం అయితే ప్లాస్మా ఇవ్వాలంటే కిలోకి 15 మిల్లీలీటర్లు, 60 కిలోలకి 900, గ్రూపు కలవాలి, కరిగించడానికే అరగంట, గుండె బలహీనంగా ఉంటే అంత ద్రవం తట్టుకోడు. పీసీసీ అయితే కొద్ది మిల్లీలీటర్లలో నిమిషాల్లో అయిపోతుంది, ఖరీదు మాత్రం ఎక్కువ. ప్లాస్మా ఒక డిపార్ట్‌మెంట్ చేతిలో, పీసీసీ ఇంకో డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటే ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఎవరూ ఉండరు, డ్యూటీ డాక్టర్‌కి ఏ నంబరు గుర్తుంటే అది తెప్పిస్తారు.

రియాక్షన్ వస్తే ఎవరికి రాయాలి అన్నది కూడా ఇలాగే మధ్యలో వేలాడుతుంది. రక్తం ఎక్కించినప్పుడు వచ్చే రియాక్షన్లకి 2012లో మొదలైన హిమోవిజిలెన్స్ ప్రోగ్రాం ఉంది, నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోలాజికల్స్ నడిపిస్తుంది. మందుల దుష్ప్రభావాలకి 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఉంది. ఐవీఐజీ ఎక్కుతూ ఉండగా చలి, జ్వరం వస్తే సిస్టర్‌కి ఏ ఫారం దొరికితే అది, చాలాసార్లు ఏదీ దొరకదు, కేస్ షీట్‌లో "ఇంజెక్షన్ ఏవిల్ ఇచ్చాం" అని ఒక లైను. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు 1980ల సంగతి చదవాలి, వేల మంది ప్లాస్మా కలిపి తీసిన ఫాక్టర్‌లో హెచ్ఐవీ, హెపటైటిస్ సి వచ్చి లోకమంతా హెమోఫిలియా వాళ్ళు ఒక తరం దెబ్బతిన్నారు. బ్రిటన్‌లో దాని మీద వేసిన విచారణ 2024 మేలో రిపోర్టు ఇచ్చింది, రక్తం ఎక్కించుకున్నవాళ్ళూ ఈ మందులు వాడినవాళ్ళూ కలిపి 30,000 మందికి పైగా సోకిందని, సుమారు 3,000 మంది చనిపోయారని. ఇప్పటి మందుల్లో వైరస్ చంపే అంచెలు ఉన్నాయి, ఆ భయం అలాగే పెట్టుకోనక్కర్లేదు, కానీ ఒక బ్యాచ్ వెనక్కి పిలిచినప్పుడు ఆ బ్యాచ్ ఎవరెవరికి వెళ్ళిందో పొద్దున్నకి చెప్పగలగాలి. బ్లడ్ బ్యాంకుకి ఈ అలవాటు పుట్టుకతోనే ఉంది, ప్రతి బ్యాగుకీ పేరు రాస్తారు. ఫార్మసీలో "20 సీసాలు, ఫిమేల్ మెడికల్ వార్డు" అని ఇండెంట్ మీద కొట్టేసి పంపడం అలవాటు. ఫార్మసీకి ఈ సీసాలు కావాలంటే ముందు ఈ అలవాటు మార్చుకోవాలి, రోగి పేరు లేకుండా ఒక్క వయల్ కూడా గది దాటకూడదు.

ఇప్పుడు మా సరిహద్దు ఆసుపత్రుల్లో ఏం చేస్తే నడుస్తుంది? జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రి, దాని కింద సబ్ డివిజన్ ఆసుపత్రులు, ఇంకా కింద సీహెచ్‌సీలు. కింద ఉన్నవాటిలో కొన్నిట్లో బ్లడ్ బ్యాంకు ఉండదు, బ్లడ్ స్టోరేజ్ యూనిట్ ఉంటుంది, అది పెద్ద బ్లడ్ బ్యాంకు నుంచి పరీక్షించిన బ్యాగులు తెచ్చి దాచుకునే గది, ఏడాదికి 2000 యూనిట్లు దాటకూడదని రూలు. అక్కడ ట్రాన్స్‌ఫ్యూజన్ స్పెషలిస్ట్ ఉండరు, క్లినికల్ ఫార్మసిస్ట్ కూడా ఉండరు. అలాంటి చోట "ఏ డిపార్ట్‌మెంట్" అని కమిటీ వేయడం అనవసరం. కొనడం, స్టాక్, ఎక్స్‌పైరీ, లెక్క మందుల స్టోర్‌వి. ఫాక్టర్, యాంటీ-డి, రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్, పాము మందు లాంటి గంటల లెక్కవి మాత్రం క్యాజువాల్టీలో, లేబర్ రూమ్‌లో టెంపరేచర్ లాగర్ ఉన్న ఫ్రిజ్‌లో కొద్దిగా పెట్టాలి, తాళం డ్యూటీ సిస్టర్ దగ్గర, రిజిస్టర్‌లో రోగి పేరు, బ్యాచ్. బ్లడ్ బ్యాంకు రక్తం ఫ్రిజ్‌లో ఇవి దూర్చకూడదు, 2 నుంచి 6 డిగ్రీలు వీటికీ సరిపోతాయి కదా అని కొందరు పెడతారు గానీ, రక్తం ఫ్రిజ్‌లో రక్తం తప్ప ఇంకేదీ పెట్టకపోవడమే మంచి అలవాటు, హడావిడిలో ఒక చెయ్యి తప్పు అరలోకి వెళ్తే చాలు. ఇంట్లో వాడే ఫ్రిజ్ అయితే ఇంకా ప్రమాదం, వెనక గోడకి ఆనిన వయల్ గడ్డకడుతుంది, చూడటానికి మామూలుగానే ఉంటుంది, పారేయాల్సిందే.

జిల్లా ఆసుపత్రిలో, బెరంపూర్ ఎంకేసీజీ లాంటి మెడికల్ కాలేజీల్లో అయితే ఇంకో అంచె పెట్టొచ్చు. స్టాక్ ఫార్మసీదే. ఐవీఐజీ, ఫాక్టర్, పీసీసీకి ఇండెంట్ రాగానే బ్లడ్ సెంటర్ మెడికల్ ఆఫీసర్‌కి ఒక కాపీ వెళ్ళాలి, ఆయన గ్రూపు, మోతాదు చూసి సరే అంటే వయల్ కదులుతుంది, ఎమర్జెన్సీ అయితే ముందు ఇచ్చేసి తర్వాత కాగితం. రాత్రి ఫార్మసీ మూసి ఉంటే బ్లడ్ సెంటర్‌లో వేరే ఫ్రిజ్, వేరే రిజిస్టర్‌తో ఒక ఎమర్జెన్సీ కోటా, పొద్దున్నే ఫార్మసీ వాళ్ళు వచ్చి లెక్క చూసి నింపుతారు. ఆసుపత్రిలో ట్రాన్స్‌ఫ్యూజన్ కమిటీ పేరుకి ఉంటుంది, దాంట్లో ఫార్మసిస్టుని కూర్చోబెట్టరు. కూర్చోబెడితే సగం తగాదా అక్కడే ఆగుతుంది, నెలకోసారి ఆల్బుమిన్ ఎన్ని సీసాలు ఏ కారణానికి వెళ్ళాయో ఒక పేజీ చదివితే మిగతా సగం కూడా.

చివరగా మా లాంటి సరిహద్దు ఊళ్ళకి మాత్రమే ఉన్న ఇబ్బంది. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, రాయగడ కిందకి దిగితే పార్వతీపురం, కాస్త సీరియస్ అయితే వైజాగ్ కేజీహెచ్. అటు మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ వాళ్ళకీ ఇదే తంతు, ప్రాణహిత, గోదావరి దాటి వరంగల్ వైపు వస్తారు. హెమోఫిలియా కుర్రాడి కార్డు ఒక రాష్ట్రంలో ఉంటుంది, ఆసుపత్రి ఇంకో రాష్ట్రంలో, అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఎన్ని యూనిట్ల ఫాక్టర్ ఏ టైమ్‌కి పడిందో రెఫరల్ చీటీ మీద చాలాసార్లు ఉండదు, ఉన్నా ఒడియాలో ఉంటుంది, అవతలి డ్యూటీ డాక్టర్ చదవలేడు, మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఇంట్లో వాళ్ళు చేయగలిగింది ఒకటుంది: సీసా అట్టపెట్టె పారేయకుండా దాని మీది బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ కనిపించేలా ఫోన్లో ఫోటో తీసుకోండి, ఎన్ని వయల్స్, ఏ రోజు, ఎన్ని గంటలకి అన్నది సిస్టర్ గారిని అడిగి చీటీ మీద అంకెల్లో రాయించుకోండి. ఆసుపత్రి చేయాల్సింది, ఫార్మసీ వాళ్ళు ఇచ్చే ప్రతి వయల్‌తో పీకి అతికించే స్టిక్కర్ ఒకటి కేస్ షీట్‌కి, ఒకటి డిశ్చార్జ్ కాగితానికి, ఒకటి బ్లడ్ సెంటర్ రిజిస్టర్‌కి. కొన్ని కంపెనీల సీసాల మీద ఆ పీకే లేబుల్ ఇప్పటికే వస్తోంది, ఎక్కువ చోట్ల సీసాతో పాటే అది చెత్త డబ్బాలోకి వెళ్తోంది.